ప్లాస్టిక్ దానాకు హెచ్‌ఎస్ కోడ్ తేల్చుకోవడం ఎలా?

ఇన్‌వాయిస్ మీద సప్లయర్ వేసిన హెచ్‌ఎస్ కోడ్‌ను, అంటే కస్టమ్స్ సరుకును గుర్తించే అంకెను, ఉన్నదున్నట్టు బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి బిల్లు)లోకి దించేయడం మన దిగుమతిదారుల్లో చాలామందికి అలవాటు. కాటేదాన్‌లోనో జీడిమెట్లలోనో మౌల్డింగ్ యూనిట్ నడిపేవాళ్లకు దానా అంటే దానాయే. బస్తా మీద పీపీ (పాలీప్రొపిలీన్) అని రాసుంటే ఇంక తేల్చేదేముంది అనిపిస్తుంది. కస్టమ్స్ టారిఫ్ మాత్రం బస్తా మీద పేరు చూడదు. ఆ గింజలో ఏ మోనోమర్ (పాలిమర్ గొలుసులోని మూల యూనిట్) బరువులో ఎంత శాతం ఉందో చూస్తుంది. ఆ అంకె మీ చేతిలో ఉంటే కోడ్ తేల్చడం పెద్ద పనేం కాదు. లేకపోతే ఎంత అనుభవమున్న బ్రోకరైనా ఊహించాల్సిందే.

"రేటు అన్నిటికీ ఇంచుమించు ఒకటేగా, ఏ కోడ్ వేస్తే ఏం?" అనేవాళ్లూ ఉన్నారు. బేసిక్ డ్యూటీ ఒకటే అయినా మిగతావి ఒకటి కావు. ఆసియాన్, కొరియా, యూఏఈ లాంటి ఒప్పందాల కింద దొరికే రాయితీ కోడ్‌ను బట్టి మారుతుంది. ఎగుమతి చేసేవారికి వచ్చే సుంకాల వాపసు, రోడ్‌టెప్ కూడా అంతే. కొన్ని కోడ్‌లకైతే డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) లైసెన్సే కావాలి. అది లేకుండా సరుకొస్తే కంటైనర్ పోర్టులోనే కూర్చుంటుంది, డెమరేజ్ (ఆలస్య రుసుము) మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

మొదటి పని: కాగితాలు, అదీ ఆర్డరుకు ముందే

సప్లయర్ దగ్గర్నుంచి టెక్నికల్ డేటా షీట్, సేఫ్టీ డేటా షీట్, ఆ లాట్ తాలూకు అనాలిసిస్ సర్టిఫికెట్ తెప్పించండి. ఈ మూడూ అందరూ అడుగుతారు. నాలుగోది చాలామంది అడగరు, అసలు కావలసింది అదే. ఇలా మెయిల్ పెట్టండి:

"ఈ గ్రేడులో ఫిల్లర్లు, రంగులు, అడిటివ్‌లు పక్కనపెట్టి, పాలిమర్ మొత్తం బరువును 100గా తీసుకుంటే, ఒక్కో మోనోమర్ యూనిట్ బరువులో ఎంత శాతం? ఫిల్లర్ ఉంటే అది మొత్తం సరుకులో ఎంత శాతం? కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకంతో ఇవ్వండి."

కొందరు "అది మా రహస్యం" అంటారు. ఖచ్చితమైన ఫార్ములా అక్కర్లేదని, 95 శాతానికి పైనా కిందా అన్నది చెప్పినా చాలని అడగండి. చాలాసార్లు ఇస్తారు. అదీ ఇవ్వని సప్లయర్‌తో ఎల్‌సీ (బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్) తెరవకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

సేఫ్టీ డేటా షీట్ మూడో సెక్షన్లో సీఏఎస్ నంబరు, అంటే ఆ రసాయనానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య, ఉంటుంది. దాన్ని వదిలేయకండి. 9002-88-4 అంటే ఎథిలీన్ హోమోపాలిమర్ (ఒకే మోనోమర్‌తో చేసింది). 25087-34-7 అంటే ఎథిలీన్, బ్యూటీన్ కలిసిన కోపాలిమర్. 26221-73-8 అయితే ఆక్టీన్ కలిసినది. పీపీలో 9003-07-0 హోమోపాలిమర్, 9010-79-1 ప్రొపిలీన్-ఎథిలీన్ కోపాలిమర్. ఇన్‌వాయిస్ మీద హోమోపాలిమర్ అని ఉండి, షీట్ మీద కోపాలిమర్ నంబరుంటే అక్కడే ఆగి అడగాలి. అయితే సీఏఎస్ నంబరు ఏమేం కలిశాయో చెబుతుందే కానీ ఎంతెంత కలిశాయో చెప్పదు. అందుకే ఆ ఉత్తరం.

రెండో పని: అసలు 39వ చాప్టర్లోకి వస్తుందా?

ముడి పాలిమర్లన్నీ 39వ చాప్టర్ (కోడ్ మొదటి రెండంకెలు) మొదటి భాగంలో, 3901 నుంచి 3914 దాకా నాలుగంకెల హెడింగుల్లో ఉంటాయి. ఆ హెడింగుల్లో చోటు దొరకాలంటే సరుకు "ప్రైమరీ ఫామ్"లో ఉండాలి. అంటే ద్రవం, పేస్టు, ఎమల్షన్, పౌడరు, గ్రాన్యూల్స్, ఫ్లేక్స్, అడ్డదిడ్డంగా ఉన్న ముద్దలు. రాడ్, షీట్, ఫిల్మ్ అయితే 3916 తర్వాతి హెడింగులు చూసుకోవాలి.

దానాలాగే కనిపిస్తూ చాప్టర్ దాటిపోయేవి కొన్ని ఉన్నాయి. రెజిన్‌ను ఆవిరయ్యే ఆర్గానిక్ సాల్వెంట్‌లో కరిగించి తెస్తున్నారా? మొత్తం ద్రావణం బరువులో సాల్వెంట్ సగం దాటితే అది 3208, పెయింట్ల హెడింగ్. నీళ్లలో ఉన్న ఎమల్షన్‌కు ఈ గొడవ లేదు. పీఈ (పాలీఎథిలీన్) వ్యాక్స్ అయితే 3404నా, 3901నా అన్నది డ్రాపింగ్ పాయింటు (కరిగి చుక్కగా జారే ఉష్ణోగ్రత), కరిగాక దాని చిక్కదనం తేలుస్తాయి. డ్రాపింగ్ పాయింట్ 40 డిగ్రీల పైన ఉండి, దానికి ఇంకో 10 డిగ్రీలు పైన కొలిచిన విస్కాసిటీ 10,000 సెంటీపాయిజ్ దాటకపోతే వ్యాక్స్ వైపే మొగ్గుతుంది. కలర్ మాస్టర్‌బ్యాచ్ (గాఢమైన రంగు గింజలు)లో క్యారియర్ పీఈ అయినా సరుకు పని రంగు వేయడం, కాబట్టి ముందు 3206 చూడండి.

ఎలాస్టోమర్ల (రబ్బరులా సాగే పాలిమర్ల) దగ్గర ఇంకాస్త జాగ్రత్త. సింథటిక్ రబ్బరు 40వ చాప్టర్. గంధకంతో వల్కనైజ్ చేశాక, 18 నుంచి 29 డిగ్రీల మధ్య మూడింతలు సాగదీసినా తెగకూడదు, రెండింతలు సాగదీసి వదిలితే ఐదు నిమిషాల్లో మొదటి పొడవుకు ఒకటిన్నర రెట్ల లోపుకు రావాలి. అలా వస్తేనే రబ్బరు. చెప్పుల సోల్స్‌కు వాడే ఎస్‌బీఎస్ (స్టైరీన్-బ్యూటడైన్ పాలిమర్)లో డబుల్ బాండ్లు ఉంటాయి కాబట్టి ఈ పరీక్ష నెగ్గి 4002లోకి వెళ్లగలదు. ఎస్‌ఈబీఎస్‌కు హైడ్రోజన్ ఎక్కించేశారు, అది గంధకంతో వల్కనైజ్ కాదు. అందుకే స్టైరీన్ పాలిమర్ల హెడింగ్ 3903లో ఉంటుంది. పేర్లలో ఒక్క అక్షరమే తేడా, చాప్టరే మారిపోతుంది.

ఇక రీప్రాసెస్డ్ దానా. తుక్కు 3915. కానీ ఒకే రకం థర్మోప్లాస్టిక్ తుక్కును కరిగించి గ్రాన్యూల్స్‌గా మార్చితే అది తుక్కు కాదు, దాని పాలిమర్ హెడింగ్‌లోకి పోతుంది. చాప్టర్ ఏడో నోట్ చెప్పేది ఇదే. ఇందులో "ఒకే రకం" అన్న మాటే కీలకం. పీఈ, పీపీ కలగలిసిన తుక్కును ఎంత అందమైన గింజలుగా కోసి పంపినా 3915 నుంచి బయటపడదు. 3915 అంటే దిగుమతి ఆంక్షల్లో ఉన్న సరుకు. దానికితోడు 2019 మార్చిలో పర్యావరణ శాఖ ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు సవరించి, ఘన ప్లాస్టిక్ వ్యర్థాల దిగుమతిని సెజ్‌లకూ ఎగుమతి యూనిట్లకూ సైతం ఆపేసింది. చవగ్గా వస్తుందని రీసైకిల్డ్ దానా తెప్పించే ముందు, అందులో రెండో పాలిమర్ ఏదీ లేదని డీఎస్‌సీ (వేడి చేసి ఎక్కడ కరుగుతుందో చూసే) పరీక్ష రిపోర్టు అడగండి. పీఈ 105 నుంచి 135 డిగ్రీల మధ్యలో కరుగుతుంది, పీపీ హోమోపాలిమర్ 160 దాటాక కరుగుతుంది. రెండూ ఉంటే గ్రాఫ్ మీద రెండు శిఖరాలు కనిపిస్తాయి. దాచడం కుదరదు.

మూడో పని: నాలుగంకెల హెడింగ్

ఇక్కడ సూత్రం ఒక్కటే: బరువులో మిగతా ప్రతి ఒక్కదానికంటే ఎక్కువున్న మోనోమర్ ఏ హెడింగ్‌దో, సరుకూ ఆ హెడింగ్‌దే. సగం దాటనక్కర్లేదు. ఎథిలీన్‌వి 3901, ప్రొపిలీన్, ఇతర ఓలెఫిన్లవి 3902, స్టైరీన్‌వి 3903, పీవీసీ వర్గం 3904, వినైల్ అసిటేట్ వర్గం 3905, ఆక్రిలిక్‌లు 3906, పాలిఎస్టర్లు, పాలికార్బొనేట్, ఎపాక్సీ, పాలీఅసిటాల్ 3907, నైలాన్లు 3908, ఫినాలిక్, అమినో రెజిన్లు, పాలీయూరిథేన్ 3909, సిలికోన్లు 3910. కోపాలిమరైనా, రెండు పాలిమర్లు కలిపిన బ్లెండయినా లెక్క ఒకటే.

దీనికో చిన్న మెలిక ఉంది. ఒకే హెడింగ్‌లోకి వచ్చే మోనోమర్లను కలిపి లెక్కేయాలి. ఎథిలీన్ 44, ప్రొపిలీన్ 36, ఐసోబ్యూటిలీన్ 20 అనుకోండి. చూడగానే ఎథిలీన్‌దే పైచేయి అనిపిస్తుంది. కానీ ప్రొపిలీన్, ఐసోబ్యూటిలీన్ రెండూ 3902వే, కలిపితే 56. హెడింగ్ 3902. రెండు హెడింగులు సరిసమానంగా తేలితే వరుసలో చివరిది తీసుకోవాలి.

ఈవీఏ (ఎథిలీన్-వినైల్ అసిటేట్) దీనికి మంచి ఉదాహరణ. వినైల్ అసిటేట్ 18 శాతమో 28 శాతమో ఉండే మామూలు గ్రేడులు 3901.30లో ఉంటాయి. అసిటేట్ సగం దాటిన గ్రేడు 3905లోకి దూకేస్తుంది. డేటా షీట్ మీద పేరు మాత్రం రెండింటికీ ఈవీఏనే.

నాలుగో పని: ఆరంకెలు, 95 శాతం గీత

గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. హెడింగ్ తేల్చేటప్పటిలా మిగతావాటికంటే ఎక్కువ ఉంటే చాలదు. ఆ వరుసలో "ఇతరాలు" అనే సబ్‌హెడింగ్ ఉన్నప్పుడు "పాలీ" అని పేరున్న గడిలో కూర్చోవాలంటే ఆ మోనోమర్ పాలిమర్ బరువులో 95 శాతం, ఆ పైన ఉండాలి.

పీపీ తీసుకుందాం. డబ్బాలకు వాడే రాండమ్ కోపాలిమర్‌లో ఎథిలీన్ 3 శాతం ఉందనుకోండి. అంగట్లో దాన్ని కోపాలిమర్ అనే అంటారు, ఇన్‌వాయిస్ మీదా అదే ఉంటుంది. చూసిన బ్రోకరు చటుక్కున 3902.30 వేసేస్తాడు. కానీ ప్రొపిలీన్ 97 శాతం ఉంది కాబట్టి టారిఫ్ దృష్టిలో అది పాలీప్రొపిలీనే, 3902.10. అదే ఎథిలీన్ 10 శాతమున్న ఇంపాక్ట్ గ్రేడయితే ప్రొపిలీన్ 90, గీతకు కింద, 3902.30. అంగడి భాష ఒకటి, టారిఫ్ భాష ఇంకొకటి. రెండూ కలిసిన చోట అదృష్టం అనుకోవాలి.

ఇప్పుడు కారు బంపర్లకు వాడే కాంపౌండ్ చూడండి. పీపీ హోమోపాలిమర్ 55, ఎథిలీన్-ఆక్టీన్ ఎలాస్టోమర్ 25, టాల్క్ 20. టాల్క్ పాలిమర్ కాదు, లెక్కలోంచి తీసేయండి. మిగిలింది 80. అందులో 55 అంటే 68.75 శాతం ప్రొపిలీన్. హెడింగ్ 3902, గీత దాటలేదు కాబట్టి 3902.30. బ్లెండును అవే మోనోమర్లు అదే నిష్పత్తిలో ఉన్న కోపాలిమర్‌లాగే చూడాలని నోట్ చెబుతుంది. దీని పక్కనే పీపీ హోమోపాలిమర్ 70, టాల్క్ 30 ఉన్న ఇంకో కాంపౌండ్ పెట్టండి. "70 శాతమే కదా, 95 లేదు" అని 3902.90లో వేసిన బిల్లులు చాలా కనిపిస్తాయి. తప్పు. టాల్క్ తీసేస్తే పాలిమర్‌లో ప్రొపిలీన్ నూటికి నూరు, 3902.10. గ్లాస్ ఫైబర్, కాల్షియం కార్బొనేట్, రంగు, స్టెబిలైజర్ అన్నిటికీ ఇదే పద్ధతి.

పీఈలో శాతంతో పాటు సాంద్రత కూడా చూడాలి. స్పెసిఫిక్ గ్రావిటీ 0.94 కంటే తక్కువైతే 3901.10, 0.94 గానీ ఆపైన గానీ ఉంటే 3901.20. ఈ కొలత అడిటివ్‌లు లేని పాలిమర్ మీద చేసింది కావాలి. నల్ల పైపు గ్రేడులో కార్బన్ బ్లాక్ ఉంటుంది, అది సాంద్రతను పైకి లాగుతుంది. అందుకే 0.94 చుట్టుపక్కల ఉన్న గ్రేడు అయితే బేస్ రెజిన్ సాంద్రత విడిగా అడగండి. ఎల్‌ఎల్‌డీపీఈ (లీనియర్ లో డెన్సిటీ పీఈ) దగ్గర మన టారిఫ్ ఇంకా సూటిగా ఉంది: ఎథిలీన్ 95, ఆపైన అయితే 3901 10 10, తక్కువైతే 3901 40 10. బ్యూటీన్ 4 శాతమున్నది ఒక చోట, 7 శాతమున్నది మరో చోట. మామూలు ఎల్‌డీపీఈ 3901 10 20.

వరుసలో "ఇతరాలు" లేని చోట 95 గీత పనిచేయదు, ఎక్కువున్నదే గెలుస్తుంది. 3907లో "ఇతర పాలిఎస్టర్లు" అన్న గడి ఉంది కానీ అది కేవలం "ఇతరాలు" కాదు. అందుకే పాలికార్బొనేట్ 70, ఏబీఎస్ (ఒక స్టైరీన్ ప్లాస్టిక్) 30 ఉన్న బ్లెండు 95 లేకపోయినా 3907.40లోనే ఉంటుంది.

పీవీసీకీ, పెట్‌కూ వేరే కొలతలు. ఏమీ కలపని పీవీసీ రెజిన్ 3904.10. పైపు కోసం కలిపి సిద్ధం చేసిన, ప్లాస్టిసైజర్ లేని కాంపౌండ్ 3904.21. కేబుల్ కోసం ప్లాస్టిసైజర్ కలిపింది 3904.22. పెట్‌లో విస్కాసిటీ నంబరు గ్రాముకు 78 మిల్లీలీటర్లు, ఆపైన అయితే 3907.61, లేకపోతే 3907.69. బాటిల్ గ్రేడు సాధారణంగా మొదటిది, నూలు చిప్స్ రెండోది. డేటా షీట్ మీద మాత్రం విస్కాసిటీ నంబరు ఉండదు, ఇంట్రిన్సిక్ విస్కాసిటీ ఉంటుంది, గ్రాముకు 0.80 డెసీలీటర్లు అన్నట్టు. దాన్ని వందతో గుణించి 80 అని వేసేసుకోకండి. రెండూ దగ్గరి బంధువులే కానీ ఒకటి కాదు. గీతకు దగ్గర్లో ఉంటే ఐఎస్‌ఓ 1628-5 ప్రకారం కొలిచిన నంబరే అడగండి.

ఐదో పని: ఎనిమిదంకెలు, ఆపై నోటిఫికేషన్లు

మొదటి ఆరంకెలు ప్రపంచమంతా ఒకటే, ఆ తర్వాతివి ఏ దేశానికాదేశం. సౌదీ సప్లయర్ ఇన్‌వాయిస్‌లో ఎనిమిదికి పైగా అంకెలున్నా అందులో మొదటి ఆరు తప్ప మీకు పనికిరావు. మిగతా రెండూ మన 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం మొదటి షెడ్యూల్లో చూసుకోవాలి.

కోడ్ తేలాక ఆ రోజు రేటు ఐస్‌గేట్ (కస్టమ్స్ వెబ్‌సైట్)లో చూసుకోండి. పోయిన కంటైనర్ బిల్లు చూసి వేసుకోవద్దు. లక్ష రూపాయల అసెసబుల్ వాల్యూ మీద బేసిక్ డ్యూటీ 7.5 శాతం అనుకుంటే 7,500, దాని మీద పది శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి 750, ఈ మొత్తం 1,08,250 మీద ఐజీఎస్‌టీ 18 శాతం 19,485. మొత్తం 27,735. ఐజీఎస్‌టీ క్రెడిట్‌గా వెనక్కొస్తుంది, మిగతా 8,250 ఖర్చే.

యాంటీ డంపింగ్ డ్యూటీ (మరీ చవగ్గా వచ్చే విదేశీ సరుకు మీద అదనపు సుంకం) ఉందేమో చూసేటప్పుడు కోడ్‌తో వెతికి లేదని ఊపిరి పీల్చుకోకండి. ఆ నోటిఫికేషన్లలో కోడ్ సూచన కోసమే ఉంటుంది, సుంకం పడేది సరుకు వర్ణనను బట్టి. దేశం, తయారీదారు పేరు కూడా చూడాలి. బీఐఎస్ క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్లు ఇంకో తలనొప్పి. పీఈ, పీపీ, పీవీసీ సహా చాలా పాలిమర్ల మీదున్న ఆర్డర్లను 2025 నవంబరులో కేంద్రం ఎత్తేసింది. పాత చెక్‌లిస్టు పట్టుకుని లైసెన్సు కోసం తిరుగుతున్నవాళ్లు దాన్ని మార్చుకోవాలి.

ఒప్పందం కింద రాయితీ అడుగుతుంటే ఆరిజిన్ సర్టిఫికెట్ మీద ఉన్న ఆరంకెలు, మీ బిల్లు మీద ఉన్నవీ ఒకటై ఉండాలి. పైన చెప్పిన రాండమ్ కోపాలిమర్‌కు సర్టిఫికెట్ మీద 3902.30 ఉండి, మీరు సరిగ్గానే 3902.10 వేసినా ప్రశ్న మీకే వస్తుంది. 2020 కారోటార్ నిబంధనల ప్రకారం సరుకు ఎక్కడ, ఎలా తయారైందో తెలిపే వివరాలు ఫారం-1లో మీ దగ్గరే ఉండాలి. సరుకు ఓడ ఎక్కకముందే సప్లయర్‌తో కోడ్ విషయం మాట్లాడుకుంటే ఈ తంటా ఉండదు.

బిల్లు వేసేటప్పుడు, ఆ తర్వాత

వర్ణన గడిలో "పీపీ గ్రాన్యూల్స్" అని వదిలేయకండి. గ్రేడ్ పేరు, హోమో లేక కోపాలిమర్, ప్రధాన మోనోమర్ శాతం, ఫిల్లర్ శాతం, వర్జిన్ లేక రీప్రాసెస్డ్, అన్నీ రాయండి. 1962 కస్టమ్స్ చట్టం 17వ సెక్షన్ కింద అసెస్‌మెంట్ బాధ్యత మీదే. రాసిన వర్ణన పూర్తిగా ఉంటే, రేపు అధికారి కోడ్‌తో విభేదించినా మీరు దాచారని అనడం కష్టం. ఆ తేడా చిన్నది కాదు: మామూలు కేసులో రెండేళ్ల వెనక్కే డిమాండ్ వేయగలరు, దాచారని తేలితే ఐదేళ్లు, పైగా జరిమానా.

అధికారి శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపితే కంగారు పడక్కర్లేదు. 18వ సెక్షన్ కింద ప్రొవిజనల్ అసెస్‌మెంట్ అడిగి, బాండు, సెక్యూరిటీ ఇచ్చి సరుకు విడిపించుకోవచ్చు. ల్యాబ్‌కు వెళ్లే టెస్ట్ మెమోలో ఏం అడిగారో చూడండి. "ఇది పీఈయా?" అని అడిగితే అవును అని జవాబొస్తుంది, మీ సమస్య అలాగే ఉంటుంది. కోమోనోమర్ శాతం, అడిటివ్ లేని సాంద్రత, బూడిద శాతం అని విడివిడిగా అడిగించండి. ముందే మీ తరఫున రిపోర్టు ఉండాలనుకుంటే సీపెట్ (కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సాంకేతిక సంస్థ)లో చేయించుకోవచ్చు. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కేంద్రాలున్నాయి.

ఒకే గ్రేడును ఏళ్ల తరబడి తెప్పించబోతున్నారా? అయితే అడ్వాన్స్ రూలింగ్ (కోడ్ మీద ముందస్తు తీర్పు)కు వెళ్లండి. ఢిల్లీ, ముంబైలలో అథారిటీలున్నాయి, ఫీజు పది వేలు, మూడు నెలల్లో తీర్పు ఇవ్వాలి, చట్టం మారకపోతే కొన్నేళ్లు చెల్లుతుంది. దిగుమతి మొదలవకముందే అడగాలి. అదే ప్రశ్న ఇప్పటికే అధికారి ముందో ట్రిబ్యునల్లోనో నడుస్తుంటే తీసుకోరు.

ఎగుమతిదారులకు లెక్క అంతా ఇదే, షిప్పింగ్ బిల్లులో వేస్తారు, అంతే. ఒక్కటి గుర్తుంచుకోండి: అవతలి దేశపు కొనుగోలుదారు తన సౌకర్యం కోసం వేరే కోడ్ వేయమంటాడు. ఆరంకెల దాకా మీ లెక్క తేల్చిందే వేయండి. కావాలంటే అతను తన దేశంలో రూలింగ్ తెచ్చుకుంటాడు.

పాత బిల్లుల్లో కోడ్ తప్పని మీకే తెలిసిందా? నోటీసు వచ్చేదాకా ఆగకండి. తక్కువ కట్టిన సుంకం వడ్డీతో కట్టి, 28వ సెక్షన్ కింద రాతపూర్వకంగా తెలియజేస్తే, దురుద్దేశం లేని కేసుల్లో జరిమానా పడదు. సుంకంలో తేడా లేకుండా కోడ్ ఒక్కటే మారేదుంటే, సరుకు విడుదలైనప్పటి కాగితాలు ఆధారంగా చూపి 149వ సెక్షన్ కింద సవరణ అడగండి. అక్కడ మళ్లీ పనికొచ్చేది సప్లయర్ సంతకం చేసిన ఆ శాతాల ఉత్తరమే, దాన్ని కనీసం ఐదేళ్లు ఫైల్లో ఉంచండి. 2028 జనవరి 1 నుంచి హెచ్‌ఎస్ కొత్త ఎడిషన్ వస్తోంది. అప్పుడు మీ గ్రేడులన్నీ మళ్లీ ఒకసారి సరిచూసుకోవాల్సి ఉంటుంది.